'అన్నా.. మీ లింక్ నుంచే కొన్నా' అంటారు.. కమీషన్ మాత్రం సున్నా! అఫిలియేట్ డబ్బును కుకీ బ్లాకింగ్ నుంచి కాపాడుకోండిలా..

వీడియో కష్టపడి తీశారు. డిస్క్రిప్షన్‌లో లింక్ పెట్టారు. వ్యూయర్ లింక్ నొక్కాడు, పది రోజులు ఆలోచించి కొన్నాడు కూడా. 'అన్నా, మీ లింక్ నుంచే తీసుకున్నా' అని కామెంట్ పెట్టాడు. సంబరంగా డ్యాష్‌బోర్డ్ తెరిచి చూస్తే.. ఆర్డర్లు సున్నా, కమీషన్ సున్నా!

అఫిలియేట్ మార్కెటింగ్ చేసే చిన్న యూట్యూబర్లు, టెలిగ్రామ్ డీల్స్ ఛానెళ్లు నడిపేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. మొదట అనుమానం కంపెనీ మీదకు పోతుంది. 'నా డబ్బు నొక్కేశారు' అనుకుంటారు. కానీ చాలాసార్లు అసలు కారణం వ్యూయర్ ఫోన్‌లోనే ఉంటుంది. అదే బ్రౌజర్ కుకీ. ఇప్పటి బ్రౌజర్లు కొన్ని కుకీలను అసలు రానివ్వవు, మరికొన్నింటిని వారంలో చెరిపేస్తాయి. కుకీ పోతే, ఆ అమ్మకం మీ వల్ల జరిగిందని చెప్పే ఆధారమూ పోతుంది.

మరి ఏ బ్రౌజర్ ఏం చేస్తోంది? మీ కమీషన్ ఎక్కడ లీక్ అవుతోంది? కంపెనీని ఏ ప్రశ్న అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

కమీషన్ మీ పేరిట ఎలా పడుతుంది?

గుడికి వెళ్తే చెప్పుల స్టాండ్‌లో ఒక టోకెన్ ఇస్తారు కదా. తిరిగొచ్చి టోకెన్ చూపిస్తే మీ చెప్పులు మీకిస్తారు. టోకెన్ పోతే చెప్పులు అక్కడే ఉన్నా, అవి మీవని నిరూపించడం కష్టం. కుకీ కూడా అలాంటి టోకెనే.

జరిగేది ఇదీ..

1. మీ లింక్‌లో మీ గుర్తింపు నంబర్ ఉంటుంది. వ్యూయర్ నొక్కగానే చాలా ప్రోగ్రాముల్లో ముందు అఫిలియేట్ నెట్‌వర్క్ సర్వర్‌కి వెళ్తాడు.

2. నెట్‌వర్క్ ఆ క్లిక్‌కి ఒక ప్రత్యేక నంబర్ ఇస్తుంది. దీన్నే క్లిక్ ఐడీ అంటారు. అక్కడి నుంచి రెప్పపాటులో వ్యూయర్ షాపింగ్ సైట్‌కి చేరతాడు.

3. ఆ క్లిక్ ఐడీ వ్యూయర్ బ్రౌజర్‌లో కుకీగా సేవ్ అవుతుంది. కుకీకి గడువు ఉంటుంది. ప్రోగ్రామ్‌ని బట్టి 1 రోజు, 7 రోజులు, 30 రోజులు, 90 రోజులు.. ఇలా.

4. గడువులోపు వ్యూయర్ కొంటే, 'ఆర్డర్ సక్సెస్' పేజీలో ఉన్న చిన్న కోడ్ ఆ కుకీని చదివి నెట్‌వర్క్‌కి కబురు పంపుతుంది.

5. నెట్‌వర్క్ లెక్క సరిచూసుకుని మీ ఖాతాలో కమీషన్ రాస్తుంది.

కుకీ కొత్తదేం కాదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజినీర్ లూ మాంటూలీ దీన్ని తయారుచేశాడు. అమెజాన్ తన అఫిలియేట్ ప్రోగ్రామ్‌ని 1996లోనే మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఈ వ్యాపారంలో చాలా భాగం కుకీ మీదే నడిచింది. ఇప్పుడు కదులుతున్నది ఆ పునాదే.

కుకీలు మూడు రకాలు.. దెబ్బ అన్నింటికీ ఒకేలా లేదు!

'కుకీలు బ్లాక్ అయిపోతున్నాయ్' అని ఒక్క మాటలో చెప్పేస్తుంటారు. అది సగం నిజమే. మీ డబ్బుకు సంబంధించినంతవరకు కుకీలను మూడుగా విడగొట్టి చూడాలి.

థర్డ్ పార్టీ కుకీ: వ్యూయర్ ఉన్నది షాపింగ్ సైట్‌లో. కానీ కుకీ మాత్రం నెట్‌వర్క్ డొమైన్ పేరు మీద ఉంటుంది. బ్రౌజర్ల మొదటి వేటు వీటి మీదే పడింది.

స్క్రిప్ట్ పెట్టే ఫస్ట్ పార్టీ కుకీ: కుకీ షాపింగ్ సైట్ పేరు మీదే ఉంటుంది. కానీ దాన్ని పెట్టేది పేజీలో ఉన్న జావాస్క్రిప్ట్ కోడ్. చాలా నెట్‌వర్కులు 'మా ట్యాగ్ మీ సైట్‌లో పెట్టుకోండి' అని ఇచ్చేది ఇదే. ఇది బ్లాక్ కాదు కానీ, సఫారీలో దీని ఆయుష్షు తగ్గిపోయింది.

సర్వర్ పెట్టే ఫస్ట్ పార్టీ కుకీ: షాపింగ్ సైట్ సొంత సర్వర్ నుంచి నేరుగా వచ్చే కుకీ. ఈ మూడింటిలో గట్టిది ఇదే. సఫారీలోనూ వారం పరిమితి సాధారణంగా దీనికి వర్తించదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే.. ఒకే వ్యూయర్, ఒకే ఫోన్, ఒకే 30 రోజుల గడువు అయినా.. కంపెనీ ఏ రకం కుకీ వాడుతోందనే దాన్ని బట్టి మీ కమీషన్ రావచ్చు, రాకపోవచ్చు.

ఏ బ్రౌజర్‌లో పరిస్థితి ఏంటి?

సఫారీ: ఇది చాలా స్ట్రిక్ట్. యాపిల్ 2017లో ఇంటెలిజెంట్ ట్రాకింగ్ ప్రివెన్షన్ అనే సిస్టమ్ తెచ్చింది. 2019లో స్క్రిప్ట్ పెట్టే కుకీలకు 7 రోజుల పరిమితి పెట్టింది. అదే ఏడాది ఇంకో అడుగు వేసింది. ట్రాకర్‌గా సఫారీ గుర్తించిన డొమైన్ నుంచి, యూఆర్‌ఎల్ చివర ట్రాకింగ్ నంబర్ తగిలించుకుని వస్తే.. అలాంటి కుకీ 24 గంటలే బతుకుతుంది. 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది.

ఐఫోన్‌లో క్రోమ్ వాడితే తప్పించుకోవచ్చా అంటే.. అదీ లేదు. మన దేశంలో ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల పనిచేసేది యాపిల్ ఇంజినే. ఐఓఎస్ 14 నుంచి ఇవే ఆంక్షలు వాటికీ డీఫాల్ట్‌గా వర్తిస్తున్నాయి.

ఫైర్‌ఫాక్స్: 2019 సెప్టెంబర్ నుంచి తెలిసిన ట్రాకర్ల కుకీలను డీఫాల్ట్‌గా ఆపుతోంది. 2022 జూన్ నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్ డబ్బాలోనే ఉంచే పద్ధతిని డీఫాల్ట్ చేసింది. ఒక సైట్‌లో పెట్టిన కుకీని మరో సైట్‌లో చదవడం కుదరదు.

బ్రేవ్: థర్డ్ పార్టీ కుకీలను, ట్రాకర్లను మొదటి నుంచీ అడ్డుకునే బ్రౌజర్ ఇది. కొన్ని ట్రాకింగ్ లింకులను కూడా ఆపుతుంది.

క్రోమ్: ఇక్కడ కథ చాలా మలుపులు తిరిగింది. రెండేళ్లలో థర్డ్ పార్టీ కుకీలు తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. తర్వాత 2023 అంది, ఆపై 2024 అంది. 2024 జనవరిలో 1 శాతం యూజర్లకు ఆపి టెస్ట్ చేసింది. అదే ఏడాది జులైలో 'తీసేయడం లేదు, యూజర్‌కే ఛాయిస్ ఇస్తాం' అని ప్లాన్ మార్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా అడిగే ఆ బాక్స్ కూడా ఉండదని తేల్చేసింది. కుకీలకు బదులుగా తెచ్చిన ప్రైవసీ శాండ్‌బాక్స్ టెక్నాలజీల్లో చాలావాటిని 2025 అక్టోబర్‌లో పక్కన పెట్టేసింది. అంటే మామూలు క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు ఇంకా పనిచేస్తున్నాయి. ఇన్‌కాగ్నిటో మోడ్‌లో మాత్రం డీఫాల్ట్‌గా బ్లాకే.

మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి చాలామంది క్రియేటర్లకు ఈ దెబ్బ పూర్తిగా కనిపించదు. కానీ ఖరీదైన వస్తువులు రివ్యూ చేసేవాళ్లు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎక్కువగా చూసే ఛానెళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఐఫోన్ల వాడకం ఎక్కువ.

వారం రూల్ జేబుకు ఎలా చిల్లు పెడుతుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే.

ఒక ఆన్‌లైన్ కోర్సు ధర రూ.10,000. మీకు 20 శాతం, అంటే అమ్మకానికి రూ.2,000 కమీషన్. కుకీ గడువు 30 రోజులని ప్రోగ్రామ్ పేజీలో రాసి ఉంది. ఒకటో తేదీన పది మంది ఐఫోన్ వ్యూయర్లు మీ లింక్ నొక్కారు. అందులో నలుగురు మొదటి వారంలోనే చేరారు. ఆరుగురు జీతాలు పడ్డాకో, ఇంట్లో అడిగాకో.. రెండు, మూడు వారాల్లో చేరారు.

రూల్ ప్రకారం మీకు రావాల్సింది రూ.20,000. కంపెనీ సర్వర్ కుకీ వాడితే దాదాపు అంతా వస్తుంది. స్క్రిప్ట్ కుకీ వాడితే మొదటి వారం నలుగురే లెక్కలోకి వస్తారు. చేతికి వచ్చేది రూ.8,000. మిగతా రూ.12,000 ఎవరి ఖాతాలోనూ మీ పేరిట కనిపించదు. అదే 24 గంటల పరిమితి పడితే.. క్లిక్ చేసిన రోజే కొన్నవాళ్లు మాత్రమే మిగులుతారు.

ఇక్కడ కంపెనీ కావాలని మోసం చేసిందని చెప్పలేం. వాళ్ల సిస్టమ్‌కే ఆ ఆరుగురు ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. కానీ నష్టం మాత్రం మీదే. పైగా ఇది ఎక్కడా 'రిజెక్ట్' అని కనిపించదు. అసలు ఆర్డరే కనిపించదు. అందుకే కనిపెట్టడం కష్టం.

తప్పు ప్రతిసారీ కుకీ బ్లాకింగ్‌దే కాదు!

కమీషన్ రాకపోతే వెంటనే సఫారీని తిట్టుకోకండి. ఈ కారణాలు కూడా చూడండి.

ప్రోగ్రామ్ గడువే చిన్నది: అమెజాన్ అసోసియేట్స్‌లో మామూలు గడువు 24 గంటలే. ఆ 24 గంటల్లో వస్తువును కార్ట్‌లో వేస్తే మాత్రం తర్వాత కొన్నా లెక్కలోకి వచ్చే వీలుంది. ఇది అమెజాన్ పెట్టుకున్న రూల్, బ్రౌజర్ పెట్టింది కాదు. పైగా అమెజాన్ లింక్ నేరుగా అమెజాన్ సైట్‌కే వెళ్తుంది, ట్యాగ్ కూడా అందులోనే ఉంటుంది. అందుకే థర్డ్ పార్టీ కుకీ ఆంక్షల దెబ్బ దీనికి తక్కువ.

యాప్ లోపల బ్రౌజర్: సోషల్ మీడియా యాప్‌లో లింక్ నొక్కితే చాలాసార్లు ఆ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది. ఆ కుకీ ఆ యాప్‌లోనే ఉండిపోతుంది. వ్యూయర్ తర్వాత సఫారీలోనో, క్రోమ్‌లోనో సైట్ తెరిచి కొంటే అక్కడ మీ టోకెన్ ఉండదు.

ఫోన్‌లో చూసి ల్యాప్‌టాప్‌లో కొనడం: కుకీ ఫోన్‌లో ఉంటుంది, ఆర్డర్ ల్యాప్‌టాప్‌లో పడుతుంది. రెండింటికీ సంబంధం తెలియదు. వ్యూయర్ రెండు చోట్లా ఒకే ఖాతాతో లాగిన్ అయి, కంపెనీ ఆ లెక్క చూస్తేనే ఇది కలుస్తుంది.

సైట్ నుంచి యాప్‌కి దూకడం: లింక్ నొక్కగానే షాపింగ్ యాప్ తెరుచుకుంటుంది. ఆ దూకుడులో మీ నంబర్ యాప్‌కి అందకపోతే అంతే. కొన్ని ప్రోగ్రాముల్లో యాప్‌లో జరిగే అమ్మకాలకు కమీషనే వేరుగా ఉంటుంది, లేదా ఉండదు.

చివరి క్లిక్ వేరేవాళ్లది: ఎక్కువ ప్రోగ్రాముల్లో చివరి క్లిక్ ఎవరిదైతే డబ్బు వాళ్లకే. మీ వీడియో చూసి వచ్చినా, పేమెంట్ ముందు కూపన్ ఎక్స్‌టెన్షన్ నొక్కితే క్రెడిట్ అటు వెళ్లొచ్చు. పేపాల్‌కి చెందిన హనీ ఎక్స్‌టెన్షన్ మీద 2024 డిసెంబర్‌లో ఒక యూట్యూబర్ చేసిన ఆరోపణ ఇదే. క్రియేటర్లు కోర్టుకూ వెళ్లారు. ఇండస్ట్రీ రూల్స్ ప్రకారమే, చివరి క్లిక్ పద్ధతిలోనే నడుచుకుంటున్నామని పేపాల్ చెప్పింది. ఆ తర్వాత 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల అఫిలియేట్ రూల్స్‌ని కఠినం చేసింది. యూజర్‌కి నిజమైన ప్రయోజనం ఇవ్వకుండా అఫిలియేట్ లింక్ చొప్పించకూడదని చెప్పింది.

రిటర్న్, క్యాన్సిల్: ఆర్డర్ కనిపించి తర్వాత మాయమైతే కారణం చాలావరకు ఇదే. క్యాష్ ఆన్ డెలివరీ పార్శిల్ తీసుకోకపోయినా అంతే.

ముందు లీక్ ఎక్కడో కనిపెట్టండి

పైపు ఎక్కడ కారుతోందో తెలియకుండా టేప్ చుడితే లాభం లేదు. ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి.. ప్రతి వీడియోకి వేరే సబ్ ఐడీ పెట్టండి. చాలా నెట్‌వర్కుల్లో లింక్ చివర మీ సొంత గుర్తు పెట్టుకునే సౌకర్యం ఉంటుంది. అమెజాన్‌లో అయితే వేర్వేరు ట్రాకింగ్ ఐడీలు తీసుకోవచ్చు. డిస్క్రిప్షన్‌కి ఒకటి, పిన్ చేసిన కామెంట్‌కి ఒకటి, టెలిగ్రామ్‌కి ఒకటి. ఏ దారిలో క్లిక్‌లు వచ్చి ఆర్డర్లు రావట్లేదో రెండు నెలల్లో తేలిపోతుంది.

రెండు.. రిపోర్టులో ఐఫోన్, ఆండ్రాయిడ్ విడిగా చూపిస్తే పోల్చి చూడండి. ఆండ్రాయిడ్ క్లిక్‌లకు ఆర్డర్లు వచ్చి, ఐఫోన్ క్లిక్‌లకు బాగా తక్కువ వస్తుంటే అనుమానించాల్సిందే. ఐఫోన్ వాడేవాళ్లు ఒక్కసారిగా కొనడం మానేయరు కదా!

మూడు.. క్లిక్‌కి, ఆర్డర్‌కి మధ్య ఎన్ని రోజులో చూడండి. 30 రోజుల గడువు ఉన్న ప్రోగ్రామ్‌లో, ఐఫోన్ ఆర్డర్లన్నీ 7 రోజుల లోపే ఆగిపోతే అది వారం రూల్ సంతకమే. 1 రోజు దగ్గరే ఆగిపోతే 24 గంటల పరిమితి.

నాలుగు.. టెస్ట్ ఆర్డర్. సొంత లింక్ నుంచి తామే కొనడాన్ని అమెజాన్ ఒప్పుకోదు, చాలా ప్రోగ్రాములూ ఒప్పుకోవు. కాబట్టి సొంతంగా ప్రయోగాలు చేయొద్దు. మీ అఫిలియేట్ మేనేజర్‌కి మెయిల్ రాసి, వాళ్ల అనుమతితో టెస్ట్ ఆర్డర్ పెట్టించండి. ఐఫోన్‌లో క్లిక్ చేసి 8 రోజుల తర్వాత కొని చూస్తే విషయం బయటపడుతుంది.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: క్లిక్ ఐడీ ఎక్కడ దాస్తున్నారు?

కుకీ లేకుండా లెక్క రాసే పద్ధతి ఉంది. దాని పేరు సర్వర్ టు సర్వర్ ట్రాకింగ్. పోస్ట్‌బ్యాక్ అని కూడా అంటారు. ఇందులో ఆర్డర్ పడగానే షాపింగ్ సైట్ సర్వర్ నేరుగా నెట్‌వర్క్ సర్వర్‌కి 'ఫలానా క్లిక్ ఐడీకి అమ్మకం జరిగింది' అని చెబుతుంది. మధ్యలో వ్యూయర్ బ్రౌజర్‌తో పనిలేదు. యాడ్ బ్లాకర్ ఉన్నా ఈ కబురు ఆగదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కబురు పంపేటప్పుడు సర్వర్‌కి ఆ క్లిక్ ఐడీ గుర్తుండాలి కదా? ఆ నంబర్‌ని మళ్లీ స్క్రిప్ట్ కుకీలోనే పెట్టి ఉంటే, 7 రోజులకు అదీ పోతుంది. అప్పుడు పోస్ట్‌బ్యాక్ ఉన్నా పంపడానికి నంబర్ ఉండదు. అంటే.. 'మాకు సర్వర్ ట్రాకింగ్ ఉంది' అన్న మాట విని ఊరుకోకూడదు.

చెప్పుల స్టాండ్ లెక్కలో చెప్పాలంటే.. టోకెన్ మీ జేబులో ఉంటే సరిపోదు. స్టాండ్ అతను తన రిజిస్టర్‌లోనూ నంబర్ రాసుకోవాలి.

కొత్త ప్రోగ్రామ్‌లో చేరే ముందు మేనేజర్‌ని ఇవి అడగండి..

- క్లిక్ ఐడీని సర్వర్ కుకీలో పెడుతున్నారా, స్క్రిప్ట్ కుకీలోనా?
- వ్యూయర్ లాగిన్ అయినా, కార్ట్‌లో వస్తువు వేసినా ఆ క్లిక్ ఐడీని మీ డేటాబేస్‌లో కూడా రాసుకుంటున్నారా?
- సర్వర్ కుకీ మీ సొంత సర్వర్ నుంచి వస్తోందా, బయటి ట్రాకింగ్ కంపెనీ సర్వర్‌కి మీ సబ్‌డొమైన్ పేరు తగిలించారా? ఈ రెండో పద్ధతిని సఫారీ 2020 నుంచే గుర్తుపట్టి 7 రోజులకు కుదించేస్తోంది.
- మీ మొబైల్ యాప్‌లో అమ్మకాలు ట్రాక్ అవుతాయా?
- కూపన్ కోడ్ వాడితే చివరి క్లిక్ వేరేవాళ్లదైనా క్రెడిట్ నాకే వస్తుందా?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పే ప్రోగ్రామ్‌ కమీషన్ కాస్త తక్కువైనా మేలే. 20 శాతం రాసి ఉండి సగం ఆర్డర్లు పోయేదానికంటే, 12 శాతం ఉండి అన్నీ లెక్కకు వచ్చేదే నయం.

మీ చేతిలో ఉన్న జాగ్రత్తలు ఇవీ..

1. సొంత కూపన్ కోడ్ అడగండి. వీడియో క్రియేటర్లకు ఇది పెద్ద ఆయుధం. కోడ్ నోటితో చెప్పొచ్చు, స్క్రీన్ మీద వేయొచ్చు. వ్యూయర్ ఫోన్ మార్చినా, నెల తర్వాత కొన్నా, ఇన్‌కాగ్నిటోలో కొన్నా.. కోడ్ టైప్ చేస్తే ఆర్డర్ మీదేనని తెలుస్తుంది. కుకీతో సంబంధమే లేదు. కోడ్ చిన్నగా, పలకడానికి తేలిగ్గా ఉండాలి. కోడ్ డీల్స్ సైట్లలో లీక్ అయితే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు కాబట్టి అప్పుడప్పుడు మార్పించుకోండి.

2. లింక్‌ని పాడుచేయకండి. ఒక షార్ట్‌నర్ మీద ఇంకో షార్ట్‌నర్ వేస్తే మధ్యలో నంబర్ ఊడిపోయే ప్రమాదం ఉంది. ప్రోగ్రామ్ ఇచ్చే అధికారిక షార్ట్ లింకే వాడండి. అది ఎక్కడికి వెళ్తుందో వ్యూయర్‌కి తెలియకుండా దాచడం కొన్ని ప్రోగ్రాముల రూల్స్‌కి విరుద్ధం కూడా. అప్‌లోడ్ చేశాక మీరే ఒకసారి నొక్కి, చివరి పేజీ యూఆర్‌ఎల్‌లో మీ ట్యాగ్ మిగిలిందో లేదో చూడండి.

3. కొనే టైమ్‌కి దగ్గరగా లింక్ ఇవ్వండి. కుకీ వారమే బతికితే, వారంలో కొనేలా వీడియో ప్లాన్ చేసుకోవాలి. సేల్‌కి నెల ముందు రివ్యూ పెడితే, సేల్ రోజు కమ్యూనిటీ పోస్ట్‌లోనో, టెలిగ్రామ్‌లోనో లింక్ మళ్లీ ఇవ్వండి. కొత్త క్లిక్ పడితే కొత్త కుకీ పడుతుంది.

4. యాప్ లోపలి బ్రౌజర్ గురించి వ్యూయర్‌కి ఒక్క మాట చెప్పండి. 'ఈ పేజీ తెరుచుకున్న చోటే ఆర్డర్ పెట్టండి' అన్నా సరిపోతుంది. 

5. సొంత వెబ్‌సైట్ ఉంటే దాన్ని వాడండి. వీడియో నుంచి మీ రివ్యూ పేజీకి, అక్కడి నుంచి షాపింగ్ సైట్‌కి పంపితే.. వ్యూయర్ రెండోసారి వచ్చినప్పుడు తాజా లింక్ మళ్లీ నొక్కుతాడు. క్లిక్‌ల రికార్డు కూడా మీ దగ్గర ఉంటుంది. 

6. నెల నెలా లెక్క సరిచూసుకోండి. మీ దగ్గర క్లిక్‌లు ఎన్ని, వాళ్ల రిపోర్టులో ఎన్ని, ఆర్డర్లు ఎన్ని, క్యాన్సిల్ ఎన్ని.. ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. కొన్ని నెట్‌వర్కుల్లో మిస్ అయిన ఆర్డర్‌కి క్లెయిమ్ పెట్టే వీలుంటుంది. గడువు లోపే పెట్టాలి. వ్యూయర్ ఇష్టపడి ఇస్తేనే ఆర్డర్ వివరాలు తీసుకోండి, ఫోన్ నంబర్, అడ్రస్ లాంటివి కనిపించకుండా చేసి పంపండి.

7. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకండి. ఒక్క ప్రోగ్రామ్ మీదే ఇంటి ఖర్చు నడుస్తుంటే, బ్రౌజర్ అప్‌డేట్ ఒక్కటి చాలు నెల తలకిందులు కావడానికి. వీలైతే కొంత ఫిక్స్‌డ్ మొత్తం, కొంత కమీషన్ కలిపి ఒప్పందం మాట్లాడుకోండి.

షార్ట్‌కట్‌ల జోలికి పోతే ఖాతా బ్యాన్!

'కుకీలను దాటేసే ట్రిక్' అంటూ కొందరు టూల్స్ అమ్ముతుంటారు. వాటితో జాగ్రత్త.

వ్యూయర్ నొక్కకుండానే వెనకాల లింక్ తెరిచి కుకీ పడేలా చేయడాన్ని కుకీ స్టఫింగ్ అంటారు. ఇది మోసం. ఖాతా మూసేస్తారు, రావాల్సిన డబ్బూ ఆపేస్తారు. అమెరికాలో దీని మీద క్రిమినల్ కేసులు కూడా నడిచాయి.

ఫోన్ మోడల్, స్క్రీన్ సైజు, ఫాంట్లు లాంటి వివరాలు కలిపి మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఫింగర్‌ప్రింటింగ్. యూజర్ వద్దన్నా వెంటాడే పద్ధతి ఇది. బ్రౌజర్లు దీన్ని కూడా అడ్డుకుంటున్నాయి. దీని మీద కట్టిన ఆదాయం నిలబడదు.

'సెట్టింగ్స్‌లో ప్రైవసీ ఆఫ్ చేయండి' అని వ్యూయర్లకు చెప్పడం అన్నింటికంటే తప్పు. మీ రెండు వందల రూపాయల కోసం వాళ్ల ఫోన్ రక్షణ తీసేయమనడం న్యాయం కాదు. బ్రౌజర్ల ఆంక్షలు మొదలైంది కూడా ఇందుకే. ఒక సైట్‌లో చెప్పులు చూస్తే పది సైట్లలో అవే యాడ్స్ వెంటపడటం జనానికి నచ్చలేదు.

కుకీలు, యూజర్ డేటా విషయంలో పర్మిషన్ ముఖ్యం. యూరప్‌లో వ్యూయర్ 'నో' అంటే అవసరం లేని కుకీలు పెట్టకూడదు. అక్కడి తెలుగువాళ్లు మీ సైట్‌కి వస్తుంటే ఇది గుర్తుంచుకోండి. మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. మెయిల్, ఫోన్ నంబర్ లాంటివి తీసుకుంటే ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, సమ్మతి తీసుకోవడం మంచి పద్ధతి.

అలాగే అఫిలియేట్ లింక్ అని దాచకండి. ప్రమోషన్ అయితే స్పష్టంగా చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ మార్గదర్శకాలు ఇచ్చాయి. చెప్తే వ్యూయర్లు పోతారనే భయం అక్కర్లేదు. చెప్తేనే 'అయితే అన్న లింక్ నుంచే కొందాం' అని వెతికి మరీ నొక్కేవాళ్లుంటారు.

చాలామంది అడిగే ప్రశ్నలు

క్రోమ్ కుకీలు తీసేయట్లేదు కదా, ఇక టెన్షన్ లేదా?
క్రోమ్ వరకు ప్రస్తుతానికి ఊరటే. కానీ ఐఫోన్, ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, ఇన్‌కాగ్నిటో, యాడ్ బ్లాకర్లు అలాగే ఉన్నాయి. పైగా క్రోమ్‌లో కూడా యూజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చు.

వ్యూయర్ కుకీలు క్లియర్ చేస్తే?
టోకెన్ పోయినట్టే. కూపన్ కోడ్ వాడితేనో, కంపెనీ డేటాబేస్‌లో క్లిక్ ఐడీ రాసి ఉంటేనో మాత్రమే కమీషన్ నిలుస్తుంది.

నా దగ్గర వెబ్‌సైట్ లేదు, యూట్యూబ్ మాత్రమే. ఏం చేయాలి?
మూడు పనులు చాలు. వీడియోకో సబ్ ఐడీ, సొంత కూపన్ కోడ్, సేల్ టైమ్‌లో తాజా లింక్.

నేను వ్యూయర్‌ని. నాకు నచ్చిన ఛానెల్‌కి కమీషన్ వెళ్లాలంటే?
కొనే రోజు ఆ వీడియో కిందున్న లింక్ నొక్కి, అక్కడే ఆర్డర్ పూర్తి చేయండి. మధ్యలో వేరే కూపన్ ఎక్స్‌టెన్షన్ నొక్కకండి. కోడ్ ఇస్తే కోడ్ వాడండి. సాధారణంగా కమీషన్ అమ్మేవాళ్ల వాటాలోంచే వెళ్తుంది, మీ బిల్లు పెరగదు.

చివరగా ఒక్క మాట.. బ్రౌజర్ ఏం చేయాలో మనం డిసైడ్ చేయలేం. కానీ మన కష్టం లెక్క ఎక్కడ రాసి ఉందో అడిగే హక్కు మనకుంది. వ్యూయర్ ఫోన్‌లో కుకీ ఒక్కటే ఆధారమైతే ఆ డబ్బు గాల్లో దీపమే. అదే నంబర్ కంపెనీ సర్వర్‌లో, మీ కూపన్ కోడ్‌లో, మీ సొంత షీట్‌లో కూడా ఉంటే.. కుకీ పోయినా కమీషన్ అడగడానికి ఆధారం మీ చేతిలో ఉంటుంది. ఈరోజే మీ అఫిలియేట్ మేనేజర్‌కి ఆ ఒక్క ప్రశ్నతో మెయిల్ పెట్టండి. జవాబును బట్టి తర్వాతి వీడియో ఎవరి ప్రోడక్ట్ మీద చేయాలో మీకే తెలుస్తుంది.